బడి గడప దగ్గర ఇంటి మాట



1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందటి ఏడాది గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరినీ కొన్ని వివరాలు అడిగాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏయే కులాల వారు, ఏం చదువుతున్నారు అన్నవి ఆ ప్రశ్నలు. చాలా జిల్లాల నుంచి పట్టికలే ఎక్కువగా వచ్చాయి. క్యాంప్‌బెల్ మాత్రం పట్టికతో పాటు బడి నడిచే తీరు కూడా రాశాడు. ఈయన తెలుగు శ్రద్ధగా నేర్చినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, ఆ తరువాత నిఘంటువు అచ్చు వేయించాడు. అప్పటి బళ్లారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. అక్కడ ఆయనకు తేలిన లెక్క 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి.

ఆ బడి ఎలా ఉండేదో ఆయన మాటల్లో కళ్లకు కడుతుంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాస్తాడు. అది గౌరవం. రెండోవాడి అరచేతిలో సున్న చుడతాడు. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చేవాళ్లకు వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. కొత్తగా చేరిన పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దుతారు. చేయి తిరిగాక తాటాకు, గంటం. ముందు నేర్చుకున్న పిల్లలు వెనుక వచ్చినవాళ్లకు చెబుతారు. తక్కువ ఖర్చుతో నడిచే ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబేనన్నాడు. అది నిజంగా జరిగింది కూడా. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం, ఒకరికొకరు చెప్పుకోవడం గమనించి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే అది అక్కడి బీద పిల్లల బడుల్లోకి పోయింది.

అదే నివేదికలో మరో మాట ఉంది. ఈ బడుల్లో పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు, కానీ వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసునని ఆయన రాశాడు. కారణం కూడా చెప్పాడు. పుస్తకాల భాష ఒకటి, ఇంట్లో మాట్లాడే భాష మరొకటి. పిల్లవాడు చదివేది వాడు మాట్లాడేది కాదు, కనుక చదువు నోటికి వస్తుంది, బుద్ధికి అందదు. నా దృష్టిలో ఆ నివేదిక మొత్తానికి ఇదే ముఖ్యమైన వాక్యం. పాశ్చాత్య పద్ధతి చదువు వల్ల వలస దేశాల ప్రజలు తమ సంస్కృతికి దూరమయ్యారా అన్న చర్చ దాదాపు రెండు వందల ఏళ్లుగా సాగుతోంది. ఆ చర్చలో ఒక పక్షం ఇంగ్లీషు చదువు మన మూలాన్ని నరికిందంటుంది. రెండో పక్షం ఆ చదువే మనను చీకటి నుంచి బయటకు తెచ్చిందంటుంది. రెండు పక్షాలూ వదిలేసిన సంగతి క్యాంప్‌బెల్ చిలక ఉపమానంలో ఉంది. మన బడి ఏనాడూ పిల్లవాడి ఇంటి మాటను గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఇంగ్లీషు వాడు రాక ముందూ రానివ్వలేదు, వచ్చాకా రానివ్వలేదు, వెళ్లిపోయాక కూడా రానివ్వలేదు. సంస్కృతికి దెబ్బ తగిలింది అక్కడ. బాగుచేయవలసిందీ అక్కడే.

పాతది బంగారమనే వాదాన్ని ముందు చూద్దాం. 1826 మార్చిలో మన్రో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి లెక్క తేల్చాడు. 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఇళ్లలో చదువుకునేవారిని కూడా కలిపితే, బడి ఈడు మగపిల్లల్లో మూడో వంతుకు ఏదో ఒక చదువు అందుతోందని ఆయన అంచనా. ఈ కాగితాలన్నీ వెతికి తీసి 1983లో పుస్తకంగా తెచ్చిన ధరంపాల్ గారికి మనం రుణపడి ఉన్నాం. ఇంగ్లీషువాళ్లు రాక మునుపు ఇక్కడ చదువే లేదన్న అబద్ధాన్ని ఆ అంకెలు శాశ్వతంగా కొట్టిపారేశాయి. ఆ బడులు ఎందుకు పాడయ్యాయో కూడా క్యాంప్‌బెల్ దాచలేదు. ఇంగ్లండు నూలు బట్టలు దిగి నేతగాళ్ల బతుకులు చితికిపోయాయి, కలిగినవాళ్ల చేతుల్లో డబ్బు ఆడడం లేదు, పిల్లల చదువుకు పెట్టే స్తోమత మధ్యతరగతికీ బీదలకూ లేకుండా పోయిందని సొంత ప్రభుత్వానికే రాసి పంపాడు. అయితే ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఊరి బయట ఉంచిన కులాల పిల్లల్లో ఎక్కువమందికి ఆ వీధి అరుగు మీద చోటు లేదు. అరిచేతిలో సరస్వతి పేరు రాయించుకునే భాగ్యం కొందరిదే. అక్కడ చోటు దొరికిన పిల్లవాడికైనా చదువు అర్థమయ్యే భాషలో అందలేదు. అందుచేత వీధి బడిని మళ్లీ తెచ్చుకుంటే మన సంస్కృతి మనకు వస్తుందన్న వాదం నిలబడదు.

మరి పాశ్చాత్య చదువు చేసిందేమిటి? తెలుగును అది నిషేధించలేదు. తెలుగుకు మెట్టు మార్చింది. 1835 ఫిబ్రవరిలో మెకాలే తన వాదన రాసిచ్చాడు, మార్చిలో గవర్నరు జనరల్ బెంటింక్ దాన్ని ఆమోదించాడు. ప్రభుత్వం డబ్బు ఇంగ్లీషు చదువుకే పెట్టాలన్నది నిర్ణయం. 1844లో సర్కారు కొలువుల్లో ఇంగ్లీషు చదివినవారికే మొగ్గు అని తీర్మానం వచ్చింది. పది ఏళ్లకు, 1854లో వచ్చిన ఉడ్ పత్రం కింది తరగతులకు దేశభాషలు, పై చదువుకు ఇంగ్లీషు అని స్థిరపరచింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి పరీక్షల నిచ్చెన నిలబెట్టింది. ఈ నాలుగు సంగతులు కలిస్తే పిల్లవాడికి ఏం తెలిసింది? పైకి వెళ్లే కొద్దీ ఇంటి మాట రాలిపోవాలని తెలిసింది. అమ్మ నోట విన్నది చిన్న తరగతితో సరి. జ్ఞానమనేది ఆ పైన, మరో భాషలో ఉంటుంది. ఈ పాఠం ఏ వాచకంలోనూ అచ్చు కాలేదు, అయినా అందరికీ వంటబట్టింది. గురజాడ కన్యాశుల్కం నాటకంలోని గిరీశం పాత్ర ఇందుకే ఇప్పటికీ పాతబడలేదు. 1892లో తొలిసారి రంగస్థలం ఎక్కిన ఆ నాటకంలో ఇంగ్లీషు పదాలు జ్ఞానం ఇచ్చే పని చేయవు. ఎదుటివాడి కంటే ఒక మెట్టు పైన నిలబెట్టే పని చేస్తాయి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఆ చదువే లేకపోతే వీరేశలింగం ఉండేవారా, గురజాడ ఉండేవారా, గిడుగు ఉండేవారా? ఉండేవారు కాదు. ఒప్పుకోవాలి. వితంతు వివాహం, స్త్రీ విద్య, నవల, పత్రిక, చరిత్ర పరిశోధన, వీటన్నిటిలో ఆ చదువు పాలు ఉంది. అయితే వాళ్లు ఆ చదువుతో ఏం చేశారో చూడండి. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు, అదే ఏడు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. తన సంస్కరణ వాదమంతా తెలుగులోనే నడిపారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు నాగపూరులో ఉన్నత విద్య చదివి, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనలో ముందు నిలిచి, చరిత్ర, శాస్త్రాలు తెలుగులో రాయించారు. తెలుగులో విజ్ఞానసర్వస్వం తలపెట్టారు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు కూడా ఇంగ్లీషు కాలేజీల్లో చదివినవారే. పడమటి నుంచి వచ్చినదాన్ని వీరెవరూ కాదనలేదు. దాన్ని ఇంటికి మోసుకొచ్చారు. ఇంటి భాషలో పెట్టి నలుగురికీ పంచారు. బయటి చదువుతో సంస్కృతి చస్తుందన్న భయానికి వీరి జీవితాలే జవాబు. తెచ్చినదాన్ని ఇంటి మాటలో చెప్పుకోలేని చోటే సంస్కృతి ఎండిపోతుంది.

ఈ విషయం అందరికంటే లోతుగా గ్రహించిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఆయన పర్లాకిమిడిలో పాఠశాల ఉపాధ్యాయుడు. చుట్టూ కొండల మీద సవరలు ఉన్నారు. వాళ్లకు తెలుగు రాదు, ఒడియా రాదు. వాళ్లకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల మాట నేర్చుకోవాలనుకున్నారు. ఏళ్ల తరబడి కూర్చుని సవర నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చెప్పించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఈ పని చేస్తుండగానే ఆయనకు తెలుగు పిల్లల గతి కనబడింది. సవర పిల్లవాడికి తెలుగు వాచకం ఎంత పరాయిదో, తెలుగు పిల్లవాడికి గ్రాంథికంలో రాసిన తెలుగు వాచకం ఇంచుమించు అంత పరాయిది. 1906, 1907 ప్రాంతంలో పాఠశాలల ఇనస్పెక్టరు జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, మీరు మాట్లాడేది పుస్తకాల్లో ఎందుకు లేదని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకబోయిన గిడుగు జీవితాంతం వ్యావహారిక భాషోద్యమం నడిపారు. ఎదురు నిలిచినవారిలో పెద్ద పండితులున్నారు. పరీక్షల్లో వ్యావహారికంలో వ్యాసం రాయడానికి వచ్చిన అనుమతి కొద్ది ఏళ్లలోనే రద్దయింది. గమనించండి, ఆ అనుమతిని రద్దు చేయించింది ఇంగ్లీషు దొరలు కారు. తెలుగు సంస్కృతిని కాపాడుతున్నామని నమ్మిన తెలుగువాళ్లే. మన సంస్కృతి మన పిల్లల నోట ఉందన్న మాట వాళ్లకు తోచలేదు.

ఇదే కథ తెలంగాణలో మరో రంగు పూసుకుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో పై చదువు చెప్పి చూపించింది. అనువాద శాఖ పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించి, వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో బోధించారు. దేశభాషలకు శాస్త్రం చెప్పే శక్తి లేదన్న మెకాలే మాటకు ఇంతకంటే బలమైన జవాబు మరొకటి లేదు. ఆ గౌరవం ఉస్మానియాకు దక్కాలి. కానీ నిజాం రాజ్యంలో ఎక్కువమంది పిల్లల ఇంటి మాట ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ కూడా గడప అవతలి భాషే. ఆ తరువాత తెలుగు బడి వచ్చింది. వచ్చిన తెలుగు వాచకంలోనూ తెలంగాణ పిల్లవాడి పలుకు లేదు. వాడు నోరు తెరిస్తే యాస అన్నారు, నవ్వారు. శ్రీకాకుళం పిల్లవాడికీ, రాయలసీమ పిల్లవాడికీ అదే అనుభవం. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, తెలంగాణలో కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న భాషా దినోత్సవం జరుపుతున్నారు. ఇద్దరూ పోరాడింది జనం నోటి మాటకు బడిలో, పుస్తకంలో చోటు కోసమే. పదకొండు రోజుల తేడాతో దండలు వేస్తున్నాం.

మాట్లాడే భాషను పిల్లవాడి మెడకు నేరంగా వేలాడదీయడం ఒక్క మన దగ్గరే జరిగింది కాదు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో తన చిన్నతనపు బడిలో ఇంటి భాష గికుయు మాట్లాడిన పిల్లలను కొట్టేవారని, మెడలో పలక వేసేవారని రాశారు. 1952లో అత్యవసర పరిస్థితి వచ్చాక గికుయులు సొంతంగా నడుపుకుంటున్న బడులను వలస ప్రభుత్వం మూయించింది. గూగీ తరువాత జైల్లో ఉండి గికుయులోనే నవల రాశారు. ఆ నవల మనకు కొత్త కాదు. వరవరరావు గారు తానూ జైల్లో ఉండగా దాన్ని ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. అలాంటి పలకలే వేల్సు పిల్లల మెడలో ఇంగ్లీషు బడులు, బ్రెతాన్ పిల్లల మెడలో ఫ్రెంచి బడులు, ఒకినావా పిల్లల మెడలో జపాను బడులు వేశాయి. కనుక ఇది తెల్లవాళ్ల జాతి గుణమని సరిపెట్టుకోలేం. రాజ్యం బడిని చేతిలోకి తీసుకున్న చాలాచోట్ల ఈ పని జరిగింది. స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్లు దాటాక, 2009లో, కడప జిల్లా మైదుకూరులో ఒక పాఠశాల తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో ఇకపై తెలుగు మాట్లాడను అన్న అర్థం వచ్చే అట్టలు వేసింది. అది తెలుగు నేల, ఆ పిల్లలు తెలుగు పిల్లలే.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన ఆక్షేపణకు వస్తాను. తెలుగులో చదవండి అని చెప్పేవాళ్లు తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపుకుంటున్నారు, పేదల పిల్లలకూ దళితుల పిల్లలకూ మాత్రం భాషాభిమానం బోధిస్తున్నారు అని అంటారు. సంస్కృతం మాకు అందనివ్వలేదు, పారశీకం అందలేదు, ఇప్పుడు చేతికి అందుతున్న ఇంగ్లీషును కూడా సంస్కృతి పేరు చెప్పి లాక్కుంటారా అని అడుగుతారు. ఈ కోపం న్యాయమైనది. దీనికి తలవంచకుండా ఈ విషయం మీద ఎవరూ మాట్లాడకూడదు. ఊరి బడి అరుగు మీద చోటివ్వని సమాజానికి, నీ సంస్కృతిని కాపాడుకో అని వాళ్లకు చెప్పే అర్హత లేదు. ఇంగ్లీషు ఉద్యోగానికి, కోర్టుకు, పై చదువుకు దారి. ఆ దారి ప్రతి పిల్లకూ తెరిచి ఉండాలి. దీనిలో బేరం లేదు.

అయితే ఇంగ్లీషు నేర్చుకోవడం వేరు, రాని ఇంగ్లీషులో లెక్కలూ సైన్సూ నేర్చుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా కట్టి అమ్ముతున్నారు, పేద తల్లిదండ్రులు కొంటున్నారు. నైజీరియాలో ఇఫె విశ్వవిద్యాలయం వారు 1970లో బాబ్స్ ఫఫున్వా నాయకత్వాన ఒక ప్రయోగం చేశారు. కొన్ని తరగతుల పిల్లలకు ఆరేళ్ల ప్రాథమిక విద్య అంతా యోరుబాలో చెప్పి, ఇంగ్లీషును ఒక పాఠ్యాంశంగా నేర్పారు. మిగతా పిల్లలకు మామూలుగా మూడేళ్ల తరువాత ఇంగ్లీషులోకి మార్చారు. యోరుబాలో చదివినవారు మిగతా సబ్జెక్టుల్లో ముందున్నారు, ఇంగ్లీషులోనూ వెనకబడలేదు. ఆ పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది ఆ పనిలో తర్ఫీదు పొందిన టీచర్లన్న సంగతి కూడా చెప్పాలి. నిజానికి పాఠం అక్కడే ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక్క టీచరు రోజుకు ఒక్క గంట చెబితే జరిగే మేలు, ఇంగ్లీషు సరిగా రాని ఐదుగురు టీచర్లు రోజంతా ఇంగ్లీషులో పాఠం చదివి వినిపిస్తే జరగదు. మన దగ్గర కూడా ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో, ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు కట్టి పంపారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్లు ఆ పిల్లలను గమనించారు. తెలుగులో, లెక్కల్లో ఈ పిల్లలకూ ప్రభుత్వ బడిలో ఉండిపోయిన పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బడి బోర్డు మారినంత మాత్రాన చదువు మారదని ఇంతకంటే ఎలా చెప్పాలి?

కింది కులాల చదువు కోసం మొదట గట్టిగా అడిగినవారిలో జోతిరావు ఫూలే ఒకరు. 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో ఆయన, రైతు కట్టే శిస్తు డబ్బుతో పై కులాల పై చదువులు సాగుతున్నాయని, ముందు అందరికీ ప్రాథమిక విద్య తప్పనిసరి చేయమని కోరారు. పై మెట్టు మీద పోసిన నీళ్లు కింది దాకా జారతాయన్న సర్కారు నమ్మకం అబద్ధమని నూట నలభై ఏళ్ల కిందటే ఆయన చూశారు. అడుగున అందరికీ అర్థమయ్యే చదువు ఉంటేనే పైకి వెళ్లే దారి అందరిదీ అవుతుంది. నా వాదన దీనికి భిన్నమైంది కాదు.

తెలుగు మాధ్యమం వైపు నిలబడేవారు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. మన తెలుగు మాధ్యమం తెలుగులో లేదు. ఆకుల నుంచి నీరు ఆవిరై పోవడాన్ని ఇంగ్లీషు పుస్తకం ట్రాన్స్‌పిరేషన్ అంటుంది. తెలుగు పుస్తకం బాష్పోత్సేకం అంటుంది. పిల్లకు రెండూ ఒకటే బరువు. ఆకు చెమర్చడం అని చెబితే అయిదో తరగతి పిల్ల కూడా అందుకుంటుంది, కుండీలో మొక్క ఆకుకు పలచటి ప్లాస్టిక్ సంచి కట్టి చూపిస్తే లోపల పట్టిన తడి కంటికి కనిపిస్తుంది. లెక్కల్లో క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే ఏమిటో చెప్పమంటే పదో తరగతి పిల్లవాడు కూడా ఆ మూడక్షరాల వెనకున్న మాటలు తడుముకుంటాడు. వాళ్ల నాన్నకు నల్లరేగడి, ఎర్రచెలక, చౌడు, ఒండ్రు తెలుసు. ఏ నేలలో ఏ పంట వేయాలో, మృగశిర దాటితే ఏమవుతుందో తెలుసు. నేలల పాఠం చెప్పేటప్పుడు ఈ పదాలు తరగతిలో వినబడితే, తన ఇంట్లో ఉన్నది కూడా జ్ఞానమేనని పిల్లకు తెలుస్తుంది. వినబడకపోతే, నాన్నకు తెలిసినది చదువు కాదని తెలుస్తుంది. సాంస్కృతిక అస్తిత్వమన్న పెద్ద మాట తరగతి గదిలో ఇంత చిన్న చోట తేలిపోతుంది.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలంటుంది. తల్లిదండ్రులు కోరిన భాషను ప్రభుత్వం కాదనడానికి వీల్లేదని 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో చెప్పింది. 2022 నుంచి తెలంగాణ సర్కారు బడులూ ఇంగ్లీషు వైపు మళ్లాయి. ఈ తగవు కోర్టుల్లో తేలేది కాదు, తేలనక్కర్లేదు కూడా. ఎందుకంటే ఈ గొడవ మధ్యలో, పెద్దగా ఎవరూ గమనించకుండా, ఒక మంచి పరికరం పిల్లల సంచిలోకి వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగు ఉన్న పుస్తకం. రెండు రాష్ట్రాల్లోనూ అచ్చయింది. ఎవరి పిల్లనూ ఎవరూ వెనక్కి లాగకుండా, రెండు భాషల మధ్య రాకపోకలు నేర్పడానికి ఇంతకంటే తేలికైన సాధనం లేదు. కావలసిందల్లా ఆ తెలుగు పేజీని పిల్లలకు అర్థమయ్యే తెలుగులో తిరగరాయడం, టీచరు రెండు పేజీలనూ తరగతిలో వాడడం, పరీక్షలో పిల్ల ఏ భాషలో జవాబు రాసినా విషయం సరిగా ఉంటే మార్కులు ఇవ్వడం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో పిల్లలను తెలుగు తరగతులకు తీసుకెళుతున్నారు. 2007లో మొదలైన మనబడి వంటి కార్యక్రమాల్లో వేలమంది పిల్లలు ఓనమాలు దిద్దుతున్నారు. అక్కడ ఇంగ్లీషుకు లోటు లేదు. వాళ్లకు లోటు కనిపించింది ఇంటి మాటలోనే. ఆ కుటుంబాలు దూరం పోయాక గుర్తించిన సంగతిని మనం ఇంట్లో ఉండగానే గుర్తించవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఏ మాధ్యమం బోర్డు ఉన్న బడిలో పని చేస్తున్నా సరే, రేపటి పాఠంలో ఒక ప్రశ్న వేసి, పిల్లలను తమ ఇంటి మాటలో జవాబు చెప్పనివ్వండి. అది యాస అయినా, సవర అయినా, కోయ అయినా, లంబాడీ అయినా, ఉర్దూ అయినా మధ్యలో దిద్దకండి. జవాబు సరిగా ఉంటే, అదే జవాబును ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆ తరువాత నేర్పండి. తల్లిదండ్రులకు ఒక మనవి. సాయంత్రం పిల్లను కూర్చోబెట్టుకుని, ఇవాళ బడిలో చెప్పిన పాఠం నాకు మన మాటల్లో చెప్పమ్మా అని అడగండి. చెప్పగలిగితే ఆ పిల్లకు చదువు వచ్చినట్టే. చెప్పలేకపోతే మర్నాడు బడికి వెళ్లి టీచరుతో మాట్లాడండి.